హాజరైనవారు తొమ్మిది మంది

కోట అనే ఊళ్ళో బస్టాండు దాటి సందులోకి తిరిగితే రెండో కొట్టు ఎలిశబెతుది. బోర్డు మీద డి.టి.పి., జిరాక్స్, లామినేషన్ అని మూడు మాటలున్నాయి గానీ, ఆమె చేసే అసలు పని ఇంకొకటుంది. అది బోర్డు మీద రాసుకునేది కాదు. జరగని మీటింగులకు మినిట్స్ తయారుచేస్తుంది.

మాట కాస్త మోటుగా వచ్చింది, సర్ది చెప్పుకుందాం. రేపు జరగబోయే మీటింగుకు ఇవాళే మినిట్స్ కొట్టి పెడుతుంది. ఇది ఆమె కనిపెట్టిన పద్ధతి కాదు, ఆమె ఒక్కదాని పద్ధతీ కాదు. ఉత్సవ కమిటీకి అంతే, నీటి సంఘానికి అంతే, బడి పిల్లల తల్లిదండ్రుల కమిటీకీ అంతే. ఆదివారం ఆదివారం ఆమె వెళ్ళే చర్చిలో సంఘ కమిటీకి కూడా, దేవుడి ఎదురుగానే, అంతే. అజెండా కోసం ఒకసారి, మినిట్స్ కోసం ఇంకోసారి బస్సెక్కి రావడం ఎవరికి కుదురుతుంది? అందుకని రెండూ ఒకే రోజు పట్టుకుపోతారు. పేజ్‌మేకర్‌లో కిందటి నెల ఫైలు తెరవాలి, కొత్త పేరుతో సేవ్ చేసుకోవాలి, తేదీ మార్చాలి, అంశాలు మార్చాలి. ప్రింటు తీస్తే అజెండా. అదే ఫైల్లో ‘చర్చించుట’ అన్నచోటల్లా ‘చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని పెడితే మినిట్స్. నాలుగు నిమిషాల పని. మనుషులు కూర్చుని వాదించుకుని, అలిగి, ఒప్పుకోవడానికి పట్టే కాలం లెక్కన చూస్తే ఎంత ఆదా.

మొగపాళెం మత్స్యకారుల సంఘం పని ఆమె చేతికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. కోటకు తూర్పున, ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న చిన్న పల్లె అది. సంఘం కార్యదర్శి హజరత్తయ్య ప్రతి నెలా పదమూడో తేదీన బస్సు దిగి, కొట్లో స్టూలు మీద కూర్చుని అంశాలు చెప్పేవాడు. మీటింగు పద్నాలుగున, పగలు పదకొండు గంటలకు. అన్ని కమిటీల కాగితాల్లోకీ ఎలిశబెతుకు ఈ సంఘం కాగితమంటే ప్రత్యేకమైన ఇష్టం. పైన ఎదురెదురుగా రెండు చేపలు, మధ్యలో సంఘం పేరు, దాని కింద సన్నటి గీత. అంశాలు అయిపోయాక ‘హాజరైనవారు’ అని శీర్షిక, కింద తొమ్మిది పేర్లు, మూడు వరసల్లో మూడేసి. అడుగున సంతకాలకు తొమ్మిది గీతలు. అంతా ఒక్క పేజీలో కుదురుగా సరిపోతుంది. హజరత్తయ్య ఆ పేజీని మినిట్స్ పుస్తకంలో అతికించి, మీటింగు అయ్యాక ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకుంటాడు. వచ్చింది నలుగురైనా అయిదుగురైనా పేజీలో తొమ్మిది మందీ ఉంటారు. ఇన్నేళ్ళలో ఆమె ఆ పేర్ల జోలికి వెళ్ళింది రెండేసార్లు, ఎన్నికలై మనుషులు మారినప్పుడు.

మొన్న నవంబరు పదమూడున హజరత్తయ్యతో పాటు పెంచల్ కూడా వచ్చాడు. ముప్పయ్యారేళ్ళవాడు, కమిటీ మెంబరు, తొమ్మిది పేర్లలో అయిదోవాడు. అంటే ఆ మూడు వరసలకూ నడిమధ్యన ఉండేవాడు. వల దారం కొనడానికి కోటకు వచ్చి, ఉత్త చేతులతో ఎందుకని ఎలిశబెతుకు ఒక కవరులో కానాగంత చేపలు తెచ్చాడు. హజరత్తయ్య బయట నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. పెంచల్ స్క్రీను వైపు వంగి, అక్షరాలు కూడబలుక్కుని, తన పేరు కనిపెట్టి నవ్వాడు. తర్వాత అన్నాడు:

“అక్కా, రేపు నేను మీటింగుకు రాను. తెల్లారుజామున వేటకు పోతాండా. నా పేరు తీసెయ్.”

ఆమె కూడా నవ్వింది. రాని వాళ్ళ పేర్లన్నీ తీసేసుకుంటూ పోతే ఇంక మీ సంఘంలో పైనున్న రెండు చేపలే మిగులుతాయని ఎగతాళి చేసింది. నడిమధ్య పేరు తీస్తే అక్కడ బొక్క పడుతుంది, చూడ్డానికి బాగుండదని కూడా చెప్పింది. అతను ఎగతాళికి ఎగతాళి చెప్పే మనిషే గానీ, ఆ పూట ఎందుకో పట్టు విడవలేదు.

“రాకపోతే రాలేదనే వెయ్యక్కా. లేని చోట ఉన్నట్టు ఎందుకు?” అని, దారం కొట్టు మూసేస్తారని వెళ్ళిపోయాడు.

నిజానికి ఆమె ప్రయత్నం చేసింది. అది మాత్రం ఒప్పుకోవాలి. పెంచల్ పేరు తీసింది. మిగిలిన ఎనిమిది పేర్లు జరిగి కింద వరస కుంటిదైంది. దాని కింద ‘హాజరు కానివారు’ అని శీర్షిక పెట్టి అతని పేరు వేసింది. ఆ రెండు పంక్తులూ పెరిగేసరికి సంతకాల గీతలు జారి రెండో పేజీలో పడ్డాయి. ఖాళీ పేజీలో పైన తొమ్మిది గీతలు, ఇంకేమీ లేదు. ఎంత అసహ్యంగా ఉందో. అక్షరం సైజు తగ్గించి చూసింది, అంచులు జరిపి చూసింది. ఈలోగా హజరత్తయ్య లోపలికొచ్చి అయిదు గంటల బస్సు పోతుందని తొందర పెట్టాడు. ఆమె చేసినదంతా వెనక్కి కొట్టేసి, తొమ్మిది పేర్లతోనే ప్రింటు తీసి ఇచ్చింది. వచ్చే నెల నింపాదిగా చూద్దామనుకుంది. కానాగంతలు ఇంటికి తీసుకుపోయి పులుసు పెట్టింది. బాగున్నాయి కూడా.

పద్నాలుగో తేదీ తెల్లవారుజామున నాలుగింటికి పెంచల్ తెప్ప మీద ఒంటరిగా సముద్రంలోకి వెళ్ళాడు. ఎప్పుడూ తోడు వెళ్ళే మనిషికి జ్వరం. పదకొండింటికి జరగాల్సిన మీటింగు జరిగింది; నలుగురు కూర్చుని టీ తాగి లేచారు. రెండింటికి హజరత్తయ్య పుస్తకం పట్టుకుని పెంచల్ ఇంటికి వెళ్ళాడు. అతని భార్య దుర్గ వాకిట్లో చేపలు కోస్తోంది. పెంచల్ సంతకం పెళ్ళయినప్పటి నుంచీ ఆమే పెడుతుంది, అతనికి రాత బద్ధకం. ఇంకా రాలేదన్నా అని హజరత్తయ్యతో అంది. గాలి తిరిగుంటుంది, వస్తాళ్ళే అని అతనన్నాడు. దుర్గ చెయ్యి చీరకు తుడుచుకుని, గీత మీద ‘పెంచల్’ అని రాసి పుస్తకం తిరిగి ఇచ్చింది.

అతను రాలేదు. మూడు రోజులు పడవలు వెతికాయి. నాలుగో రోజు తెప్ప దుంగలు రెండు దక్షిణాన ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి మాత్రం దొరకలేదు.

డిసెంబరు పదమూడున ఈ సంగతి చెప్పింది హజరత్తయ్యే. చెప్పి, కళ్ళు తుడుచుకుని, ఆ స్థానంలో ముఖేష్ అనే కుర్ర మెంబరు పేరు పెట్టమన్నాడు. ఎలిశబెతు పెట్టింది. అక్షరాల కొలత సరిగ్గా సరిపోయింది, పేజీ ఇంచి కూడా కదల్లేదు. ఆ సరిపోవడాన్ని ఆమె చూడలేకపోయింది. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చింది. ఆ రోజు తర్వాత నవంబరు ఫైలును మాత్రం మళ్ళీ తెరవలేదు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు కొట్టు ముందు చెప్పులు విడిచి లోపలికొచ్చారు. జిరాక్స్ కొట్లో ఎవరూ చెప్పులు విడవరు. చిన్నామె దుర్గ. పెద్దామె పెంచల్ తల్లి వెంకటశేషమ్మ. దుర్గ ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఎదురెదురుగా రెండు చేపలు, మూడు వరసల్లో తొమ్మిది పేర్లు.

“ఇది నువ్వు కొట్టిందేనంట గదక్కా. ఆయన పేరొక్కటి తీసేసి మళ్ళా కొట్టియ్యి.”

ఎందుకని ఎలిశబెతు అడగలేదు, దుర్గే చెప్పుకొచ్చింది. శవం దొరకని మనిషి చనిపోయాడని రాయించుకోవాలంటే, ఆ రోజు అతను సముద్రంలోకి వెళ్ళాడని చూపించాలి. ఊళ్ళో పదిమంది చూశారు. కానీ మత్స్యశాఖ ఆఫీసులో సంఘం కాగితాలు అడిగారు. కొత్తగా వచ్చిన అధికారి ఇచ్చిన కాగితమల్లా చదివే రకం. చదివి, నవంబరు పద్నాలుగు అన్నచోట ఒక వేలు, పెంచల్ అన్నచోట ఒక వేలు పెట్టి, నాలుగింటికి సముద్రంలోకి పోయినవాడు పదకొండింటికి మీటింగులో కూర్చుని సంతకం ఎట్లా పెట్టాడమ్మా అని మర్యాదగానే అడిగాడు. దుర్గ ఆ కాగితం తీసుకుని వచ్చేసింది. ఆ సంతకం తనదని చెబితే ఏమవుతుందో ఆమెకు తెలియదు. చెప్పొద్దని హజరత్తయ్య కూడా అన్నాడు. చూశామన్న పదిమందిలో నలుగురు అదే కాగితంలో పెంచల్ పక్కన సంతకాలు చేసినవాళ్ళు, వాళ్ళూ గమ్మునుండిపోయారు. అక్కడి నుంచి ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. కాశిమేడు రేవులో బోటెక్కినాడంట అని ఒకరు, ఎవరినో తగులుకున్నాడంట అని ఒకరు. మొగుణ్ణి సముద్రానికి పోగొట్టుకున్న మనిషి, నాలుగు నెలలు తిరిగేసరికి మొగుడు వదిలేసి పోయిన మనిషయింది.

ఇదంతా దుర్గ కన్నీళ్ళు పెట్టకుండా చెప్పింది. ఏడవడానికి ఆమెకింకా వీలు చిక్కలేదని ఎలిశబెతుకు తర్వాత అర్థమైంది.

వెంకటశేషమ్మ ఈ మాటలేవీ పట్టించుకోలేదు. స్టూలు మీద కూర్చుని, బొడ్లో దోపుకున్న సంచిలోంచి తన కాగితం తను తీసింది. అదే పేజీకి జిరాక్సు, మడతల దగ్గర చిరుగుతోంది. ఆమెకు చదువు రాదు. చూపుడు వేలు సూటిగా నడిమధ్యకు తీసుకెళ్ళి ఆనించి, అక్కడే ఉంచింది. పదకొండు గంటలకు ఉండాడు మావాడు అంది. సముద్రంలో నుంచి వచ్చేసినాడు, మీటింగులో కూర్చున్నాడు, ఆ పొద్దు పెళ్ళాం ఏదో మాటంటే దానికి అలిగి ఎటో పోయినాడు, కోపం తగ్గితే వస్తాడు. ఆఫీసర్లే చదివి చెప్పినారంది. కొడుక్కి కర్మ చెయ్యడానికి ఆమె ఒప్పుకోలేదు; కాగితం ఇట్లా ఉండగా కులపెద్దలూ బలవంతపెట్టలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, కోడలికి మొగుడు చచ్చిపోయాడు, అత్తకు కొడుకు బతికే ఉన్నాడు.

ఆ కాగితంలో ఉన్నమాట తను రాసిందని, ఆ మీటింగు ఎన్నడూ చూడలేదని ఎలిశబెతు అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అతికించి సంతకాలైన కాగితాన్ని మళ్ళీ కొడితే చెల్లదని, కమిటీ కూర్చుని, తప్పు పడిందని తీర్మానం చేస్తేనే మారుతుందని మాత్రం వివరించింది. ఆమె చెప్పింది నిజమే. కానీ నిజంలో ఏ ముక్క చెబితే తన మీదికి రాదో చూసుకుని ఆ ముక్కే చెప్పింది.

“కమిటీలో ఎవరు చెబుతారక్కా? అందరూ ఆ కాగితంలో ఉన్నోళ్ళే గదా,” అంది దుర్గ. కాగితం మడిచి కవరులో పెట్టుకుంది. జిరాక్సు కొట్టు కాబట్టి డబ్బులేమైనా ఇవ్వాలా అని అడిగి మరీ వెళ్ళింది.

ఆ సాయంత్రమే ఎలిశబెతు హజరత్తయ్యకు ఫోను చేసింది. అతను చెడ్డవాడేం కాదు. పెంచల్ కోసం మూడు రోజులూ పడవ దిగకుండా వెతికినవాళ్ళలో అతనొకడు. కానీ ఆ రోజు కూర్చున్నది నలుగురేనని తేలితే కోరం లేదని తేలుతుంది, ఆ మీటింగులో చేసిన తీర్మానాలు పోతాయి, ఇంక తొమ్మిదేళ్ళ పుస్తకం మొత్తం తిరగేస్తారు. దుర్గ ఇంటికి బియ్యం వేయమంటే వేస్తాను, ఇది మాత్రం నా వల్ల కాదమ్మా అన్నాడు. గొంతు నిజంగానే బాధగా ఉంది. బాధ పడుతూనే కాదనడం మనుషులకు బాగా అలవాటైన విద్య.

ఏప్రిల్ మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం, ఇచ్చారు. రొట్టె పళ్ళెం ఎలిశబెతు ముందుకు వచ్చింది. తప్పు దాచుకున్న చేత్తో ముట్టకూడదని ఆమె చెయ్యి చాపలేదు. పెళ్ళయి ఇరవైనాలుగేళ్ళలో ఆమె బల్ల తీసుకోకుండా ఉండటం భర్త యెహోషువ ఎన్నడూ చూడలేదు. కొట్లో ఫోటోలు, లామినేషన్ పని అతనిది. ఆమె కంప్యూటర్ దగ్గర ఏం జరుగుతుందో అతనికి పట్టదు. ఇంటికి నడుస్తూ దారిలో అడిగాడు. ఆమె కానాగంతల దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. పేజీ అందం కోసమని చెప్పేటప్పుడు మాత్రం అతని వైపు చూడలేదు.

యెహోషువ అడుగులు నెమ్మదించాయి. ఆ తర్వాత, ముందురోజే మినిట్స్ కొడతారని బయటపడితే ఏ కమిటీ వాళ్ళూ మన గుమ్మం తొక్కరని అన్నాడు. ఉత్సవ కమిటీ, నీటి సంఘం, బడి, చివరికి పాస్టరుగారు కూడా. ఎలిశబెతు తలాడించింది. ఇంటి గేటు తీస్తూ అతనే మళ్ళీ అన్నాడు:

“తీసెయ్యమని ఆ పిల్లోడు అన్నమాట నీకు తప్ప ఎవరికీ తెలీదు గదా.”

“అందుకే గదా,” అంది ఆమె.

ఏప్రిల్ పదమూడున హజరత్తయ్య వచ్చేసరికి అజెండా ప్రింటు తీసి సిద్ధంగా ఉంది. అతను స్టూలు మీద కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఎప్పుడూ ఉండే అంశాల పైన కొత్తగా మొదటి అంశం: ‘నవంబరు 14 నాటి సమావేశపు మినిట్స్‌లో శ్రీ పెంచల్ హాజరైనట్లు పొరపాటున నమోదైన విషయం చర్చించుట.’ అతను చాలాసేపు ఆ ఒక్క పంక్తినే చదివాడు. అది తీసెయ్యమన్నాడు. ఆమె తీయనంది. అతను కాసేపు చెప్పు మొనతో నేలను రాస్తూ కూర్చుని, సరే మినిట్స్ ఏవి అని అడిగాడు.

“మీటింగు అయినాక కొడతాను, అన్నా,” అంది ఎలిశబెతు. “రేపు నేను కూడా వస్తాండాను.”

కోటలో కొట్టు ఇదొక్కటే కాదని అతను కోపంగా లేచాడు. కానీ అయిదు గంటల బస్సు వచ్చే వేళయింది. వేరే కొట్టుకు వెళ్ళి, రెండు చేపల బొమ్మ మొదలు అన్నీ మళ్ళీ చెప్పి కొట్టించుకునే వ్యవధి లేదు. ఆ కాగితమే మడిచి జేబులో పెట్టుకుని పోయాడు.

మర్నాడు ఎలిశబెతు మొదటిసారి మొగపాళెం చూసింది. తొమ్మిదేళ్ళుగా ‘సంఘ కార్యాలయమందు’ అని కొడుతూ వచ్చిన చోటు చేపల వేలం వేసే రేకుల షెడ్డు. సిమెంటు అరుగు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఉప్పునీటి వాసన. తొమ్మిది మందిలో అయిదుగురు వచ్చారు, ఇవాళేదో ఉందని తెలిసి. అధ్యక్షుడు చెంచయ్యకు డెబ్బయ్యేళ్ళు దాటాయి. కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. షెడ్డు అంచున ఆడవాళ్ళు కొందరు నిలబడ్డారు. దుర్గ ఉంది. వెంకటశేషమ్మ ఒక స్తంభానికి ఆనుకుని కింద కూర్చుని, కొడుకు మీటింగంటే తాను వినాలన్నట్టు చెవి ఇటు పెట్టింది.

హజరత్తయ్య మొదటి అంశం చదివాడు. చదివి ఆగాడు. ఎలిశబెతు లేచి నిలబడింది. ఎట్లా మాట్లాడాలో రాత్రంతా అనుకున్నదేదీ గుర్తుకు రాలేదు, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

“నవంబరు పద్నాలుగు మినిట్స్ నేను పదమూడు సాయంత్రమే కొట్టినాను. కంప్యూటర్లో ఆ తేదీ, టైము ఉండాయి, ఎవరొచ్చి అడిగినా చూపిస్తాను. ఆ రోజు పెంచల్ నా కొట్టుకొచ్చినాడు. రేపు రాను, వేటకు పోతాండా, నా పేరు తీసెయ్ అన్నాడు. తీస్తే పేజీ చెడిపోతాదని నేను తీయలేదు. తప్పు నాది.”

అప్పుడు దుర్గ ముందుకొచ్చింది.

“సంతకం నేను పెట్టినాను,” అంది. “వస్తాడని పెట్టినాను.”

చెంచయ్య కాళ్ళు కిందికి దించాడు. ఆ పొద్దు ఇక్కడ కూర్చున్నది నలుగురమే, పెంచల్ లేడు, నాకు తెలుసు, నలుగురికీ తెలుసు అని, ఎవరి వైపూ చూడకుండా, అరుగుతో చెబుతున్నట్టుగా అన్నాడు. ఆఫీసువాళ్ళు ఏం చేసుకుంటే అది చేసుకోనీ, నేను ఇంకెన్నాళ్ళుంటానని అన్నాడు. మిగిలిన వాళ్ళు ఒకరొకరే తలలూపారు. హజరత్తయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, రాస్తూ పైకి చదివాడు.

“నవంబరు పద్నాలుగో తేదీ సమావేశానికి పెంచల్ రాలేదు. ఆ రోజు తెల్లవారుజామున వేటకు పోయి, తిరిగి రాలేదు.”

ఎలిశబెతు గుండె మీద నుంచి ఒక బరువు దిగింది. దిగుతుందని ఆమె అనుకున్నదే. అది దిగి ఎవరి మీద పడుతుందో మాత్రం ఆలోచించలేదు. స్తంభం దగ్గర్నుంచి వెంకటశేషమ్మ లేచి, నెమ్మదిగా నడిచి వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది. మనిషి భుజం దాకా కూడా రాదు. బొడ్లో సంచిలోంచి ఆ జిరాక్సు తీసి చూపించింది.

“ఇది రాసింది నువ్వేగా తల్లీ?”

“నేనేనమ్మా.”

“మావాణ్ణి చూసి రాయలేదా?”

ఎలిశబెతు అబద్ధం చెప్పాలనుకుంది. ఆ క్షణాన, ఆ ఒక్క మనిషికి మాత్రం, చూశానని చెప్పాలని ఆమె నాలుక దాకా వచ్చింది. పదకొండు గంటలకు నీ కొడుకు ఇక్కడే కూర్చున్నాడు, టీ తాగాడు, నవ్వాడు అని.

“చూళ్ళేదమ్మా,” అంది.

ముసలామె తిట్టలేదు. చూడకుండానే రాస్తారని తనకు తెలీదంది, అంతే. చేతిలో కాగితం ఎలిశబెతు చేతికి ఇచ్చేసి, వెనక్కి తిరిగి, దుర్గ దగ్గరికి వెళ్ళి, కోడలి భుజం పట్టుకుని, ఇసకలో చతికిలబడింది. అయిదు నెలల తర్వాత ఆ ఇంటి ఏడుపు మొదలైంది. ముందు అత్త ఎత్తుకుంది, తర్వాత కోడలు. అంతవరకూ అంచున నిలబడ్డ ఆడవాళ్ళంతా వచ్చి వాళ్ళ చుట్టూ కూర్చున్నారు. కర్మ ఎప్పుడు పెట్టుకోవాలో చెంచయ్య ఎవరితోనో లోగొంతుకతో అంటున్నాడు.

ఎలిశబెతు బస్సులో కూర్చున్నాక ఆ కాగితం మడత విప్పింది. నాలుగు మడతలు కలిసే చోట, మూడు వరసలకూ నడిమధ్యన, అక్షరాలు లేవు. జిరాక్సు మసి అంతా లేచిపోయి తెల్లగా ఉంది. ముసలామె వేలు రోజూ ఆనీ ఆనీ, కొడుకు పేరు చెరిగిపోయింది. తీసెయ్యమని అతను అడిగితే, తీస్తే అక్కడ బొక్క పడుతుందని తనే అంది. బొక్క పడే ఉంది. కోట వచ్చేదాకా ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూనే ఉంది. పక్క సీటులో కూర్చున్నామె ఎవరు పోయారమ్మా అని అడిగితే, మా వాళ్ళేనంది.

కొట్టుకు రాగానే కంప్యూటర్ ఆన్ చేసింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి, మీటింగు అయ్యాక మినిట్స్ కొట్టడం. కిందటి నెల ఫైలు తెరవలేదు, ఖాళీ పేజీతో మొదలుపెట్టింది. హాజరైనవారు అయిదుగురు. వాళ్ళ పేర్లు ఒకదాని కింద ఒకటి వేసింది. తర్వాత తీర్మానం, హజరత్తయ్య చదివిన మాటల్లోనే, మార్చకుండా. పంక్తులు పెరుగుతూ పోయాయి. సంతకాల గీతలు జారి రెండో పేజీలో పడ్డాయి. యెహోషువ వెనక నుంచి చూసి, సైజు తగ్గిస్తే ఒక్క పేజీలో పట్టేటట్టుందే అన్నాడు.

“ఉండనీ,” అంది ఎలిశబెతు. రెండు పేజీలూ ప్రింటు తీసింది.